క్రూపు: ఒక్క పేరు, రెండు రోగములు

కడపకు ఉత్తరపు దిక్కున పెన్నయొడ్డున నున్న చెన్నూరిలో మా మేనత్తగారి యిల్లు కలదు. గడచిన చలికాలమున నొకనాటి రాత్రి ఆ యింట జరిగిన సంగతియే యీ వ్యాసమునకు కారణము. మేనత్తగారి మునిమనుమనికి ఇరువది నెలల వయస్సు. రెండు దినములుగా ముక్కు కారుచు, ఒడలు కొంచెము వెచ్చగా నుండెనే గాని ఆటకు లోపము లేకుండెను. అర్ధరాత్రము దాటిన పిమ్మట బిడ్డ యులికిపడి లేచి దగ్గసాగెను. ఆ దగ్గు పసిబిడ్డ దగ్గువలె లేదు; వీధిలో కుక్క మొఱిగినట్లుండెను. దగ్గునకు దగ్గునకు నడుమ ఊపిరి లోనికి పీల్చునప్పుడెల్ల గొంతులో నొక కూత పుట్టుచుండెను. ఏడ్చినకొలది ఆ కూత హెచ్చెను.

ఇంటిల్లిపాదియు లేచిరి. ఒకరు దిష్టి యనిరి. ఒకరు సాయంకాలము తలంటి పోసినందున చల్లబడినదనిరి. పొరుగింటి పెద్దమనిషి యొకడు వచ్చి, కడుపుమీద చిన్న చుఱక పెట్టినచో నిమిషములో దిగిపోవునని పొయ్యివైపు చూచెను. తెల్లవాఱిన పిదప పోవచ్చునని మగవారి యభిప్రాయము. బిడ్డతల్లి మాత్రము, “జేజీ, ఊరికే ఒళ్లో ఉన్నా గొంతు కూస్తానే ఉంది, డొక్కలు ఎగరేస్తాండాడు. తెల్లారేదాకా నేనుండలేను” అని చెప్పి, యెవరి సెలవును కోరక, ఆటో పిలిపించి బిడ్డతో కడపకు బయలుదేఱెను. అచ్చటి వైద్యుడు బిడ్డను తల్లి యొడినుండి దింపింపలేదు; నోరు బలిమిని తెఱిపింపలేదు. నోట నొక మందు పోసి, నెబ్యులైజరుతో మఱియొక మందు పీల్పించి, తెల్లవాఱు వఱకు కనిపెట్టియుండి, క్రూపు అని పేరు చెప్పి పంపెను.

మఱునాడు నేను చూడబోవునప్పటికి బిడ్డ పెరుగన్నము తినుచుండెను. మేనత్తగారు నన్ను వసారాలోనికి పిలిచి, “నాయనా, మా అన్ననూ చెల్లెలినీ తీసుకపోయింది కూడా ఇదేనా?” అని యడిగిరి.

ఆమెకు తొమ్మిదేండ్లప్పుడు, ఇంచుమించు 1950 ప్రాంతమున, ప్రొద్దుటూరి దాపునగల పల్లెలో వారి యింట పక్షము దినములలో ఇద్దఱు బిడ్డలు పోయిరట. మొదట అన్నకు గొంతు నొచ్చినది. రెండు మూడు దినములకు మెడ వాచినది, మాట బొంగురుపోయినది, గొంతు కూయ మొదలిడినది. లోపల బూడిదవన్నె తెల్లని పొర కనబడగా, ఎవరో వ్రేలికి గుడ్డ చుట్టి తుడువజూచిరనియు, నెత్తురు వచ్చెననియు ఆమెకు స్పష్టముగ జ్ఞాపకము. ఆ రాత్రియే పిల్లవాడు పోయెను. చెల్లెలికి గొంతు కొంత నిమ్మళించి, అన్నము తిని, లేచి తిరిగి, ఒకనాటి యుదయమున పెరటిలోనికి నడచుచు కూలబడి మరి లేవలేదట. ఆ బిడ్డలకు జబ్బు రాకమునుపు తలకు పోసినది వారి తల్లి. ఆ తల్లి బ్రదికిన నలువదేండ్లును ఆ మాట అత్తవారింట వినుచునే యుండెను. “మా అమ్మ మళ్లీ ఏ బిడ్డకూ తన చేత్తో తలకు పోయలేదు” అని మేనత్తగారు చెప్పి యూరకుండిరి.

ఆ ప్రశ్నకు ఒక మాటలో సమాధానము చెప్పజాలనైతిని. ఆ ముదుసలి యడిగిన దానినే ఐరోపాఖండపు వైద్యశిఖామణులు నూఱేండ్లకు పైగా తమలో తా మడుగుకొనుచు, ఒకమాఱు ఔననియు, ఒకమాఱు కాదనియు చెప్పుకొనుచు వచ్చిరి. వారి తగవు తీఱుటకు సూక్ష్మదర్శినియు, గుఱ్ఱపు నెత్తురును, ఎన్నో వేల పసిప్రాణములును వలసివచ్చినవి. చదువరులకు ఆ కథ తెలియుట మంచిది.

గొంతు మూసికొనిపోయి బిడ్డలు మరణించుట మన పూర్వులెఱుగని సంగతి కాదు. కంఠమున మాంసాంకురములు పెరిగి ఊపిరి నడ్డగించు వ్యాధిని సుశ్రుతుడు రోహిణి యను పేర వర్ణించెను. రోహిణి పుట్టిన రోగికి మూడు రాత్రులు గడువనియు, నేర్పరియైన వైద్యుడు వెంటనే పూనుకొన్నచో మాత్రము సుఖపడుననియు చరకసంహితలో నున్నది. “వెంటనే” యన్న యా మాటను మన యిండ్లలో ఎందఱు పట్టించుకొనిరో చెప్పజాలను. శాస్త్రము గ్రంథమున నుండెను. పల్లెలోని తల్లికి చేరినది బాలగ్రహమును, దిష్టియు, వాతయు మాత్రమే.

క్రూపు అను మాట స్కాట్లండు పల్లెవాసులది. గొంతు బొంగురుపోయి కాకివలె కూయుటను వారట్లు చెప్పుకొనుచుండిరి. ఎడింబరోలో వైద్యుడైన ఫ్రాన్సిస్ హోము 1765లో ఆ నాటుమాటనే శీర్షికగా గైకొని యొక చిన్న పుస్తకము ప్రకటించెను. సముద్రతీరపు పల్లెలలో కొందఱు బిడ్డలకు కోడిపుంజు కూతవంటి ధ్వనితో ఊపిరాడకుండుట నతడు చూచెను. మరణించినవారి వాయునాళమును కోసి చూడగా లోపల నొక పొర పేరుకొని యుండెను. పండితులు తల్లుల మాటను పుస్తకమున కెక్కించుట యరుదు. అందులకు హోమును మెచ్చుకొనవలసినదే. కాని యాతడు చూచిన బిడ్డలలో పొరతో పోయినవారును గలరు, పొర లేకయే కోలుకొన్నవారును గలరు. ఇద్దఱకును పేరొక్కటే యయ్యెను. చిక్కంతయు నచ్చటనే మొదలయ్యెను.

ఆ పేరు రాజగృహములకు నెక్కినది. 1807 మే 5వ తేదీన హాలండు రాజైన లూయీ బోనపార్టు పెద్దకొడుకు, నాలుగేండ్లవాడు, క్రూపుతో మరణించెను. ఆ బాలుడు నెపోలియను చక్రవర్తికి తమ్ముని కొడుకు, ప్రీతిపాత్రుడు. చక్రవర్తి యుద్ధభూమినుండియే, క్రూపును గూర్చి యుత్తమవ్యాసము వ్రాసినవారికి పండ్రెండువేల ఫ్రాంకులు బహుమానమిత్తునని ప్రకటింపించెను. జెనీవా వైద్యుడు జూరీనును, బ్రెమెను వైద్యుడు ఆల్బర్సును దానిని పంచుకొనిరి. ఆ సొమ్ముతో వ్యాసములు పెరిగినవే గాని బిడ్డలు బ్రదుకలేదు. నాటి చికిత్స లేమన, గొంతున జలగలు పట్టించి నెత్తురు తీయుట, వాంతి చేయించుట, పాదరసపు భస్మము మ్రింగించుట, చర్మము పొక్కునట్లు మందుపట్టీలు వేయుట. మన నాటువైద్యులు కొడవలి కాల్చి కడుపున వాత పెట్టిరని మనము సిగ్గుపడుదుము, సిగ్గుపడవలసినదే. కాని పారిసులోను, లండనులోను పట్టభద్రులైనవారు అదే కాలమున అదే పని మఱియొక విధమున చేయుచుండిరి. ఊపిరాడని బిడ్డకు నొప్పి కలిగించి యేడిపించుటయే యన్నిచోట్లను వైద్యమయ్యెను. ఏడ్చినకొలది గొంతు మూసికొనునని పొరుగుననున్న యే తల్లి నడిగినను చెప్పియుండును.

వెలుగు చూపినవాడు ఫ్రాన్సులోని తూరు పట్టణపు వైద్యుడు పియేరు బ్రెతొనో. 1818లో ఆ పట్టణమున సైనికులకును, పేదల బిడ్డలకును గొంతుపుండు మహామారివలె వ్యాపించెను. పెద్దవారికి అది కుళ్ళు గొంతుపుండుగా నుండెను. బిడ్డలకు క్రూపుగా నుండెను. అవి రెండును వేఱని యందఱును తలచుచుండ, బ్రెతొనో శవములను కోసి, గొంతుపై నున్న పొరయే క్రిందికి ప్రాకి వాయునాళమును కప్పుచున్నదని కనిపెట్టెను. 1826లో ప్రకటించిన గ్రంథమున ఆ రోగమునకు క్రొత్త పేరు పెట్టెను. గ్రీకుభాషలో తోలునకు దిఫ్తెరా యని పేరు. పొర తోలువలె నున్నది గావున రోగము డిఫ్తీరియా కులమున చేరెను. మనవారు తరువాత దానిని కంఠసర్పి యనిరి. ప్రాకునది యను అర్థమున ఆ మాట చక్కగా కుదిరినది.

ఆ గ్రంథము వెలువడుటకు ముందటి యేడు, 1825లో, బ్రెతొనో చేసిన పని యొకటి చెప్పక తీఱదు. అతని మిత్రుని యింట ఇదివఱకే బిడ్డలు ఆ జబ్బున పోయి, నాలుగేండ్ల కూతురికిని గొంతు మూసికొనిపోవుచుండెను. మునుపు అతడు మెడ ముందువైపున వాయునాళమును కోసి గొట్టము పెట్టిన రోగులు బ్రదుకలేదు. అయినను మరల సాహసించెను. ఆ పిల్ల బ్రదికెను. అతని శిష్యుడు త్రూసో పారిసులో ఆ శస్త్రచికిత్సను వందలకొలది బిడ్డలకు చేసి, ఇంచుమించు నాల్గింట నొకరిని కాపాడెను. నాల్గింట మువ్వురు పోవు చికిత్సను విజయమని చెప్పుకొనవలసి వచ్చినదన్న, ఆ రోగమెట్టిదో యూహింపవచ్చును.

అయితే బ్రెతొనో తీర్పు ఒకవైపు చిక్కు విప్పి మఱియొకవైపు ముడి వేసెను. క్రూపన్న కంఠసర్పియే యని స్థిరపడగా, పొర లేకయే రాత్రివేళ కుక్కవలె దగ్గి రెండు దినములలో కోలుకొను బిడ్డలమాట యేమి? దానికి ఫ్రెంచివారు “దొంగ క్రూపు” అని పేరు పెట్టిరి. దొంగదైనను తల్లికి కలుగు భయము నిజమైనదే గదా! చిత్రమేమన, నేడు అసలు క్రూపునకు కంఠసర్పి యను పేరు స్థిరపడి, క్రూపను పేరు దొంగదానికే మిగిలినది.

కంఠసర్పికి కారణము 1883లో క్లెబ్సు సూక్ష్మదర్శినిలో చూచెను. 1884లో లోఫ్లరు ఆ క్రిమిని వేఱుచేసి పెంచెను. ఆ క్రిమి గొంతుననే కూర్చుండును, శరీరమున తిరుగదు. మరి దూరముననున్న గుండె యేల చెడుచున్నది? 1888లో పారిసులోని రూ, యెర్సానులు సమాధానము చెప్పిరి: క్రిమి గొంతుననుండి విషమును విడుచును, ఆ విషమే నెత్తురులో పాఱి గుండెను, నరములను చెఱుచును. గొంతు నిమ్మళించిన వారము పదిదినములకు, ఆడుకొనుచున్న బిడ్డ హఠాత్తుగా గుండె యాగి పడిపోవుట యిందువలననే. మా మేనత్తగారి చెల్లెలు పెరటిలో కూలిన సంగతి విన్నప్పుడే నాకీ మాట తోచెను.

1890లో బెర్లినులో బేరింగును, జపానీయుడైన కితసాటోయును ఆ విషమునకు విఱుగుడు రక్తమున పుట్టుటను చూపిరి. గుఱ్ఱములకు విషమును కొలది కొలదిగా నెక్కించి, వాని నెత్తుటి తేటను మందుగా నిచ్చుట మొదలాయెను. 1894లో రూ తన పారిసు ఆసుపత్రి లెక్కలు చదివినప్పుడు సభలోని వైద్యులు లేచి హర్షధ్వానములు చేసిరట. సగమునకు పైగా పోవుచుండిన బిడ్డలు నాలుగవ వంతుగా తగ్గిరి. బేరింగునకు 1901లో మొట్టమొదటి నోబెలు వైద్యబహుమతి వచ్చెను, కితసాటోకు రాలేదు. ఈ తేటమందు గుఱించి గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. కణములను పట్టుకొనిన విషమును అది విడిపింపలేదు, నెత్తుట తిరుగుచున్న విషమును మాత్రమే చంపును. ఒక్కొక్క దినము ఆలస్యమైనకొలది దాని బలము వ్యర్థమగును. 1925లో అలాస్కాలోని నోము పట్టణమున కంఠసర్పి వ్యాపింపగా, మంచులో కుక్కలబండ్లు ఒకదాని తరువాత ఒకటి పరుగెత్తి ఆఱు దినములలోపల ఆ మందును చేర్చినది యందుకే.

మఱి మన రాయలసీమలో? 19వ శతాబ్దాంతమున లండను మిషనువారు జమ్మలమడుగులో ఆసుపత్రి నెలకొల్పిరి. కడపలో సర్కారు వైద్యశాల యుండెను. కాని పల్లెనుండి ఎడ్లబండిమీద రాత్రివేళ బిడ్డను తీసికొనిపోవుట యెట్లు? పోవుటకు మామగారి యనుమతియు, బాడుగకు రూపాయలును దొరకుసరికి చరకుడు చెప్పిన మూడు రాత్రులు గడచిపోవును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధిని పత్రికను నడపిరి, దేహారోగ్యధర్మబోధిని వ్రాసిరి. వైద్యులైన డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో మద్రాసునుండి గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించిరి. చదువు వచ్చిన యిండ్లకు ఆ మాటలు చేరినవి. చదువు రాని యిల్లాండ్రకు చేరలేదు. చేరినను, రాత్రివేళ వారి మాటకు విలువ లేకుండెను.

రోగము రాక మునుపే కాపాడు మార్గమును ఫ్రాన్సులో రామోను 1923లో కనుగొనెను. ఫార్మలినుతోను వేడిమితోను విషమును చంపి, చంపిన విషమునే సూదిమందుగా నిచ్చినచో శరీరము విఱుగుడును తానే తయారుచేసికొనును. దానికి కోరింతదగ్గు, ధనుర్వాతముల మందులు జతపడి డి.పి.టి. అయ్యెను. భారతప్రభుత్వము 1978లో టీకాల కార్యక్రమమును ప్రారంభించి, 1985లో దానిని సార్వత్రికముగ విస్తరించెను. అనగా మేనత్తగారి అన్నయు చెల్లెలును చనిపోవునాటికి ఆ మందు పుట్టి యిరువదియేండ్లకు పైబడినది. వారి పల్లెకు వచ్చుటకు మఱి ముప్పదియేండ్లు పట్టినది. ఇందులో మన తెలుగువారి పాలును కలదు: 1953లో హైదరాబాదున స్థాపితమైన బయోలాజికల్ ఇ సంస్థ నేడు అయిదు రోగముల టీకాను లోకమునకెల్ల పంపుచున్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లో చేరిన అమెరికా లెడర్లీ సంస్థయు, మొదట కంఠసర్పి విఱుగుడును తయారుచేయుటకు 1906లో పుట్టినదే.

ఇక రెండవ రోగము. పొర లేనిది, దొంగదని పేరుపడినది, చెన్నూరి బిడ్డకు వచ్చినది. కంఠసర్పి తగ్గిన దేశములలో సైతము రాత్రి దగ్గులు తగ్గలేదు. 1956లో అమెరికా వైద్యుడు రాబర్టు చానొకు క్రూపు వచ్చిన పసిబిడ్డలనుండి యొక క్రొత్త వైరసును వేఱుచేసెను. పారాఇన్ఫ్లుయెంజా యని నేడు పిలుచునది అదియే. క్రూపులు పెక్కింటికి ఆ కుటుంబమే మూలము. పెద్దవారికి అది పడిసెము మాత్రమే. ఆఱునెలలు మొదలు మూడేండ్ల వఱకు గల బిడ్డలకేల యింత భయంకరమగును? లెక్క సులభము. స్వరపేటిక క్రింద వాయునాళమునకు ఉంగరమువంటి గట్టి కట్టు కలదు. పసిబిడ్డకు అచ్చటి వెడల్పు ఇంచుమించు నాలుగు మిల్లీమీటర్లు. లోపలి పొర చుట్టును ఒక్క మిల్లీమీటరు వాచినచో వెడల్పు రెండగును. గాలి పోవు చోటు సగము గాదు, నాలుగవ వంతే మిగులును. పెద్దవారి గొంతులో అంత వాపు తెలియనే తెలియదు. తలంటి పోసిన నీటికిని, చల్లగాలికిని ఇందు ప్రసక్తి లేదు. చల్లని రాత్రిగాలిలోనికి ఎత్తుకొనిపోయినచో కొందఱు బిడ్డలకు కూత తగ్గుట యాసుపత్రుల వారు ఎఱిగినదే.

ఆవిరి పట్టుటను గూర్చి ఒక మాట. నూఱేండ్లుగా వైద్యులు, తల్లులు అందఱును దానిని నమ్మిరి. ఆసుపత్రులలో బిడ్డలను మంచుగుడారములలో నుంచిరి. 2006లో ప్రకటితమైన కెనడా వైద్యుల పరిశోధనలో తడిగాలికిని మామూలు గాలికిని క్రూపులో భేదము కానరాలేదు. మరుగు నీళ్ళ గిన్నె ప్రక్కన గింజుకొను బిడ్డను కూర్చుండబెట్టుటలో కాలిపోవు అపాయము మాత్రము నిజము. సూక్ష్మక్రిములను చంపు యాంటీబయాటిక్కులు వైరసునకు పనిచేయవు, దగ్గుమందులును పనికిరావు. పనిచేయునది డెక్సామెథసోను. దీనిని గూర్చి వైద్యులు ముప్పదియేండ్లు వాదులాడిరి. తుదకు 2004లో, తేలిక క్రూపునకు సైతము నోట నొక్క మోతాదు మేలుచేయునని కెనడా వైద్యులే చూపిరి. బిడ్డ బరువునుబట్టి వైద్యుడు కొలిచి యిచ్చును. గంటలలో వాపు దిగును. జబ్బు గట్టిగా నున్నచో అడ్రినలినును పొగగా పీల్పింతురు. దాని గుణము రెండు గంటలే గావున, కూత తగ్గినదని వెంటనే యింటికి పరుగెత్తరాదు. కొన్ని గంటలు అచ్చటనే యుండవలయును.

ఇంటిలో తల్లి చేయవలసినది కొంచెమే, చేయరానిది యెక్కువ. బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొని యేడువనీయకుండ నోదార్చవలయును. బలిమిని పండబెట్టరాదు. గొంతులోనికి చెంచాగాని వ్రేలుగాని పెట్టి చూడరాదు. ఆముదము, వస, తేనె గొంతులో పోయరాదు. బిడ్డ తానుగా త్రాగినచో నీళ్ళో పాలో కొంచెము కొంచెముగా నీయవచ్చును. జ్వరమున్నచో వైద్యుడు చెప్పిన కొలత ప్రకారము పారాసిటమాలు చాలును. ఏడ్చినప్పుడు మాత్రమే కూత వచ్చి, ఒడిలో నెమ్మదిగా నున్నప్పుడు లేకున్న, తెల్లవాఱువఱకు కనిపెట్టి చూడవచ్చును. నెమ్మదిగా నున్నప్పుడును కూత వచ్చినచో, ప్రక్కటెముకలు లోనికి పోయినచో, పెదవులు నీలివన్నెకు తిరిగినచో, ఆ రాత్రియే బయలుదేఱవలయును. 2005నుండి మనకు 108 బండి కలదు. ఇంకొకటి: అంతవఱకు కూసిన బిడ్డ కూత తగ్గి, సోలిపోయి, మగతగా నున్నచో కుదిరినదని సంతోషింపరాదు. కూయుటకైనను శక్తి లేనిచో అట్లు నిశ్శబ్దమగును. ఈ నిశ్శబ్దమును చూచి “నిద్రపోయినాడు, లేపవద్దు” అని దీపమార్పిన యిండ్లు కలవు.

క్రూపువలె కనబడు మఱి కొన్నింటిని గుర్తెఱుగవలయును. జొల్లు కార్చుచు, మ్రింగలేక, ముందునకు వంగి కూర్చుండి, దగ్గు లేకయే తీవ్రజ్వరముతో నున్న బిడ్డకు వాయునాళపు మూతయే వాచియుండవచ్చును. అది గంటల వ్యవహారము. జ్వరము, పడిసెము లేకయే, ఆడుకొనుచు తినుచు నున్న బిడ్డ హఠాత్తుగా పొలమాఱి దగ్గి కూయసాగినచో, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతపు మనవారు మొట్టమొదట తలచుకొనవలసినది వేరుసెనగ గింజను. నాలుగేండ్లలోపు బిడ్డకు గింజలు చేతికీయుట మన యిండ్లలో ముద్దు. అది ఊపిరితిత్తి గొట్టములో చిక్కినచో కొన్ని దినములు నిదానించి పిదప రొమ్ముజబ్బుగా బయటపడును.

ఇక కంఠసర్పి పోయినదా యన్న, పోలేదు. 2018లో భారతదేశమున ఎనిమిదివేలకు పైగా రోగులు లెక్కకు వచ్చిరి. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రికి, జనులు కోరంటి దవాఖానా యను చోటికి, ఆ బిడ్డలు వచ్చుచునే యున్నారు. వారిలో పెక్కుమంది పసివారు గారు, బడియీడు పిల్లలు. కారణము తేటతెల్లము. ఆఱు, పది, పదునాలుగు వారములకు మూడు సూదులు వేయింతురు. ఏడాదిన్నర ప్రాంతపు సూది కొందఱు మఱతురు. అయిదేండ్లదానిని చాలమంది తలపనే తలపరు. పిల్లవాడు ఏపుగా తిరుగుచుండ సూది యెందుకని తండ్రి యనును. జ్వరము వచ్చునేమోయని అవ్వ యనును. టీకా యిచ్చిన బలము ఏండ్లు గడచినకొలది సన్నగిల్లును. క్రిమి మాత్రము ఎక్కడికిని పోలేదు.

ఇంత కథను నేను వసారాలో కూర్చుండి మేనత్తగారికి చెప్పితిని. ఇంత వరుసగా గాదు, ఆమె యడిగిన చోటుల నాగుచు. నీ మునిమనుమనికి వచ్చినది ఒకటి, మీ అన్నకు చెల్లెలికి వచ్చినది మఱియొకటి. కూత ఒక్కటే గాని జబ్బులు రెండు అంటిని. పొరయు, మెడవాపును, కోలుకొన్న తరువాత కూలబడుటయు మూడును కంఠసర్పికే చెల్లునంటిని. అది ఒక బిడ్డ గొంతునుండి మఱియొక బిడ్డకు అంటుకొనునే గాని తలకు పోసిన నీటివలన రాదంటిని. ఆమె చాలసేపు పెరటివైపు చూచుచుండి, “అయితే నీళ్ల తప్పు కాదన్నమాట” అనిరి. కొంతసేపటికి, “మా అమ్మతో ఎవరూ చెప్పలేదే” అనిరి.

తరువాత లోపలికి పోయి, గూటిలోనుండి పెద్ద మునిమనుమరాలి టీకాల చీటీ తెచ్చి నా చేతికిచ్చి చదువుమనిరి. ఆ పిల్లకు అయిదున్నర యేండ్లు. క్రింది గడి ఖాళీగా నుండెను. వచ్చు బుధవారమున ఆరోగ్యకేంద్రమున సూదులు వేయుదురని బిడ్డతల్లి చెప్పెను. ఆ నాడు పిల్లను వెంటబెట్టుకొని, కఱ్ఱ పట్టుకొని, మేనత్తగారే పోయిరి.